అభ్యంతరం ఎవరికి?

"మీ లైటు మా రాణి కాలు విరిచినంత పని చేసింది!"

ఆ మాటతో పాటే పెట్రోమాక్సు లైటు దబ్బుమని బల్ల మీదికొచ్చింది. సూళ్లూరుపేట బజారులో పెళ్ళిళ్ళకూ, మీటింగులకూ లైట్లు అద్దెకిచ్చే జ్ఞానప్రకాశం ఉలిక్కిపడి తలెత్తాడు. ఎదురుగా నలభై అయిదేళ్ళ ఆడమనిషి. తెల్లటి నేత చీర, కళ్ళజోడు, ఆ కళ్ళజోడు వెనకాల నిప్పులు. మిషన్ స్కూలుకు బదిలీ మీద కొత్తగా వచ్చిన ఎలిశబెతు టీచరు.

"ఏం జరిగింది టీచర్ గారూ?"

"స్కూలు డే నాటకంలో రాణి మెట్లు దిగుతోంది. మీ లైటు గుడ్డిదైపోయింది. రాణి వచ్చి హెడ్‌మిస్ట్రెస్ గారి ఒళ్ళో పడింది!"

"లైటు మంచిదేనండీ. గాలి దిగుంటది. మధ్యలో ఎవురన్నా పంపు కొట్టాల."

"ఎవరు కొట్టాలి? రాణా, రాజా?"

జ్ఞానప్రకాశానికి నవ్వాగలేదు. ఆ నవ్వు చూసి ఆవిడ కోపం రెట్టింపయింది.

"కోపం చెయ్యబాకండి. ఈసారి నేనే వచ్చి కొడతాను" అన్నాడతను.

అన్నమాట నిలబెట్టుకున్నాడు. కాస్త ఎక్కువగానే నిలబెట్టుకున్నాడు. పట్టపగలు జరిగిన కుట్టుపనుల ఎగ్జిబిషన్‌కి కూడా లైటు మోసుకుని పోయాడు.

"ఎండ మండిపోతోంది కదండీ?" అంది ఎలిశబెతు.

"మబ్బు పడితేనో?"

ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. నవ్వు దాచుకోవడానికేనని అతనికి తెలిసిపోయింది.

జ్ఞానప్రకాశానికి యాభై అయిదేళ్ళు. భార్య పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. ఎలిశబెతు పెళ్ళయిన రెండేళ్ళకే భర్తను పోగొట్టుకుంది. ఇద్దరూ చర్చి కోయిర్‌లో పాడేవారు. అక్కడే వచ్చింది చిక్కంతా. ఆవిడ సోలో ఎత్తుకోవడం, అతను లేచి బయటికి పోవడం ఒక్కసారే జరిగేవి. ప్రతి ప్రాక్టీసులోనూ అదే తంతు.

ఒకరోజు మెట్ల మీద నిలదీసింది. "నా గొంతు అంత కర్ణకఠోరంగా ఉంటుందా?"

"అయ్యయ్యో, ఎంత బాగుంటుందో!"

"మరి పారిపోతారెందుకు?"

ఏం చెప్తాడు? కొన్ని నెలలుగా మాటిమాటికీ ఒంటేలుకు పోవలసి వస్తోందనీ, పోయినా బొట్టు బొట్టుగా తప్ప రావడం లేదనీ ఒక ఆడమనిషితో, అందులోనూ ఈమెతో ఎట్లా చెప్తాడు?

"గాలి కోసం..." అని నసిగాడు.

"అంటే నా పాటలో గాలాడటం లేదన్నమాట!" అని ఆవిడ గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది.

కార్తీకమాసపు ముసురులో ఒక సాయంత్రం ఇద్దరూ స్కూలు వరండాలో చిక్కుబడిపోయారు. ఇదే సమయమనుకుని జ్ఞానప్రకాశం గొంతు సవరించుకున్నాడు.

"టీచర్ గారూ, మీకో మాట చెప్పాలని చానా దినాలుగా..."

వాన చప్పుడులో వినబడక ఆవిడ ఒకడుగు దగ్గరికి జరిగింది. "చెప్పండి."

చూరు మీంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఆ చప్పుడు వింటుంటే అతని పొత్తికడుపు పట్టేసింది. ఇంకో క్షణం ఆగలేననిపించి, మాట సగంలో వదిలేసి వానలోకి పరుగెత్తాడు. ఎలిశబెతు నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయింది.

తెల్లారేసరికి చుక్క కూడా రావడం ఆగిపోయింది. కడుపు కుండలా ఉబ్బింది. ఊళ్ళో డాక్టరు రబ్బరు గొట్టం వేసి, మద్రాసు తీసుకుపొమ్మన్నాడు. చర్చి పెద్ద అయిన తమ్ముడు యెహోషువ అన్నను రైలెక్కించాడు.

పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి అడ్డం తీశారు. తీసిన ముక్కను పరీక్షకు పంపారు. ఆ తర్వాత డాక్టరు యెహోషువను వరండాలోకి పిలిచి ఏదో చెప్పాడు. తిరిగొచ్చిన తమ్ముడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏందిరా?"

"ఏం లేదన్నా. ప్రార్థన చేసుకుందాం."

మర్నాడు రౌండ్స్‌లో డాక్టరు మంచం మీద మనిషిని చూడనైనా చూడలేదు. అతని తల మీదుగా యెహోషువతో అన్నాడు. "రేపు ఇంకో చిన్న ఆపరేషన్. సంతకం మీరు పెట్టండి."

జ్ఞానప్రకాశానికి ఒళ్ళు మండిపోయింది.

"ఏం సార్, ఈడ పడుకోనుండేది ఎవురు? రేపు మీరు కోసేది ఎవుర్ని?"

వార్డంతా ఇటు తిరిగింది.

"మీరు ఆవేశపడకూడదు..."

"పడతాను! గొర్రెను కోసేటప్పుడు గొర్రెను అడగరు. నేను గొర్రెను కాదు సార్. ఏం రోగమో నాకు చెప్పండి. సంతకం నేను పెడతాను."

"అన్నా, గమ్మునుండన్నా" అని తమ్ముడు చెయ్యి పట్టుకున్నాడు. అతను విదిలించేశాడు.

డాక్టరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఈసారి సూటిగా అతనితోనే మాట్లాడాడు.

"మూత్రసంచి కింద ప్రోస్టేట్ అని ఒక గ్రంథి ఉంటుంది. మీకు దాంట్లో కేన్సర్ వచ్చింది. మగవాళ్ళ ఒంట్లో ఊరే హార్మోనే దానికి మేత. అందుకని వృషణాలు తీసేస్తాం. ఆడవాళ్ళ హార్మోను మాత్రలిస్తాం. చాలామందికి ఏళ్ళ తరబడి అణిగి ఉంటుంది. కానీ సంసారసుఖం ఉండదు."

జ్ఞానప్రకాశం మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఈ ముక్క నిన్ననే నాకు చెప్పుంటే మీ సొమ్మేం పోయేది సార్?" అని, కలం అడిగి తీసుకుని తన చేత్తోనే సంతకం పెట్టాడు.

గొట్టం తీసేసిన కొన్నాళ్ళకు, ఎవరి సాయమూ లేకుండా ఒంటేలు ధారగా వచ్చిననాడు, "స్తోత్రం!" అని పెట్టిన కేకకు నర్సు పరిగెత్తుకొచ్చింది. అంతకుమించి సంబరపడటానికి ఏమీ మిగల్లేదు. మాత్రలకు రొమ్ములు వాచి, చొక్కా తగిలినా సలపడం మొదలుపెట్టాయి. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిరెత్తి చెమటలు కారేవి. అలవాటు కొద్దీ మీసం దువ్వుకుంటే మెత్తగా, పలచగా చేతికి తగిలేది.

ఇంటికి వచ్చాక ఇంకా పెద్ద ఘోరం చూశాడు. అన్న ఇక రాడని ఖాయం చేసుకున్న యెహోషువ, మధ్యలో ఊరికి వచ్చినప్పుడే సైకిలు చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశికి ఇచ్చేశాడు. లైట్లు నాయుడుపేటలోని ఇంకో అద్దె లైట్ల కొట్టుకు పంపేశాడు. పలకరించడానికి వచ్చిన మేనమామ కొడుకు ఒంటి మీద ఉన్నది సాక్షాత్తూ జ్ఞానప్రకాశం కోటే!

"నా కోటు తొడుక్కోని నన్నే చూసేదానికి వస్తావంట్రా! నేనింకా చావలేదు, విప్పు!"

అవన్నీ వెనక్కి రాబట్టుకునే కోపంలోనే సగం బలం వచ్చింది. మిగిలిన సగం నడకతో తెచ్చుకున్నాడు. పొద్దున్నే పులికాట్ సరస్సు దోవన, ఇవాళ వంతెన దాకా, రేపు తాటితోపు దాకా అంటూ కొంచెం కొంచెంగా నడిచాడు. చివరికి ఒకనాడు నీళ్ళలో బారులు తీరిన కొంగలు కనిపించేంత దూరం పోయాడు. ముద్ద హితవుగా దిగుతోంది, చేతులకు పట్టు వచ్చింది.

బజారు నోళ్ళు మాత్రం మూతపడలేదు. "ఆ చోట జబ్బంట... ఎన్ని తిరుగుళ్ళు తిరిగినాడో!" అనే గుసగుసలు చెవిన పడుతూనే ఉన్నాయి. స్కూలు వైపు అతను అడుగు పెట్టలేదు. టీచర్ గారి మీద తనకు ఏ ఉద్దేశమూ లేదని యెహోషువ భార్య అయిన మరదలితో కబురు పంపించి ఊరుకున్నాడు.

కబురు అందిన సాయంత్రమే, జోరువానలో, గొడుగు వేసుకుని ఎలిశబెతు కొట్టుకు వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"మద్రాసు వచ్చాను మిమ్మల్ని చూడటానికి. మీ తమ్ముడు గేటు దగ్గరే తిప్పి పంపించాడు. ఆ రోజు ఆయన మీద కోపం వచ్చింది. ఇవాళ మీ మీద వస్తోంది."

జ్ఞానప్రకాశానికి ఆవిడ వచ్చిన సంగతే తెలియదు. తల వంచుకుని, దాచకుండా అంతా చెప్పేశాడు. రోగం పేరు, డాక్టరు మీద అరవడం, రెండో ఆపరేషన్, మాత్రలు, అన్నీ. చివరికి, "ఇట్టాంటి మొగుడు మీకెందుకు? అందుకే వద్దనుకున్నాను" అన్నాడు.

"మీకేం కావాలో మిమ్మల్ని అడగలేదని డాక్టరు మీద అరిచారు. మరి నాకేం కావాలో మీరెవర్ని అడిగారు?"

అతను బల్ల మీది లైటు గాజు తుడవబోయాడు.

"నన్నడక్కుండా మీ మరదలితో కబురు పంపిస్తారా!"

"...తప్పే. ఇప్పుడు అడగతా ఉండాను. మీకేం కావాల?"

"స్కూలు నుంచి ఇంటికొస్తే పోట్లాడటానికొక మనిషి కావాలి. ఇన్నేళ్ళూ గోడలతో పోట్లాడి విసుగొచ్చింది."

"నేనింక ఎన్నాళ్ళుంటానో..."

"నేనెన్నాళ్ళుంటానో చెప్పగలరా? ఈ వానకు న్యుమోనియా వచ్చి ముందు నేనే పోవచ్చు!"

అతను గబుక్కున ఆవిడ చెయ్యి పట్టుకుని పంచలోకి లాగాడు. ఆ తర్వాత వదలాలని ఇద్దరికీ తోచలేదు.

ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు పెళ్ళి ప్రకటన చదివారు. "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలి."

ముందు వరసలోంచి యెహోషువ లేచాడు. "అయ్యగారూ... మా అన్న ఆరోగ్యం..." అని మధ్యలో ఆగాడు. చర్చి అంతా గుసగుసలు లేచాయి.

జ్ఞానప్రకాశం చివాలున లేచి నిలబడ్డాడు.

"గుసగుసలెందుకు? నేనే చెప్తాను. నాకొచ్చింది కేన్సర్. తిరుగుళ్ళకు వచ్చే రోగం కాదు, అంటుకునేది అసలు కాదు. ఆపరేషన్ చేసినారు, మందు తింటా ఉండాను, బాగుండాను. టీచర్ గారికి అంతా తెలుసు. ఇంక మీకు తెలవాల్సింది ఏముంది?"

ఆడవాళ్ళ వైపు నుంచి ఎలిశబెతు లేచింది. "నాకు అభ్యంతరం లేదు. ఇంకెవరికైనా ఉంటే వాళ్ళు ఈయన్ను చేసుకోనక్కర్లేదు."

పాస్టరుగారు నవ్వు బిగబట్టుకుని పుస్తకంలో పేజీ తిప్పారు.

ఆరాధన కాగానే జ్ఞానప్రకాశం తమ్ముణ్ణి చర్చి గోడ పక్కన పట్టుకున్నాడు. "ఏందిరా నీ అభ్యంతరం? అందరి ముందర నా పరువు తీసేదానికి లేస్తివా?"

యెహోషువ మొహం తెల్లగా పాలిపోయింది.

"అన్నా... నాకూ అట్నే ఉంది."

"ఏంది?"

"ఒంటేలు. ఒక సంవత్సరంగా సరిగ్గా రావటం లేదు. నిన్ను చూస్తే భయమేస్తాది. నువ్వు మళ్ళా పెళ్ళి, సంసారం అంటుంటే... రోగం భయమే లేనట్టు ఎట్టా ఉండావో అర్థం గాక లేచినాను. ఏం చెప్పాలో లేచినాక తోచలేదు."

నోటిదాకా వచ్చిన తిట్టు ఆగిపోయింది. ఆ రోగమంటే ఇక చావేనని తమ్ముడు ఎంత భయపడ్డాడో, సైకిలూ, కోటూ ఎందుకంత తొందరగా పంచిపెట్టాడో, ఆసుపత్రిలో ప్రార్థన చేసుకుందామన్నది ఎవరికోసమో జ్ఞానప్రకాశానికి అప్పుడు అర్థమైంది.

"ఒక సంవత్సరమా? పెళ్ళానికన్నా చెప్పినావా?"

యెహోషువ తల అడ్డంగా ఊపాడు.

"నీ నోరు పడిపోనూ!" అని తమ్ముణ్ణి దగ్గరికి లాక్కున్నాడు. అప్పటికే వెనకాల వచ్చి నిలబడిన ఎలిశబెతు, "ఎల్లుండి పెళ్ళి కాగానే, ఆ మర్నాటి మద్రాసు బండికి ముగ్గురం పోదాం. మరిదిగారూ, డాక్టరు ఏం చెప్పినా మీకే చెప్తాడు, నేను చూసుకుంటాను" అంది.

యెహోషువది కేన్సర్ కాదు, ఒట్టి వాపేనని ఆ తర్వాత తేలింది. కానీ రైలు ఎక్కేటప్పటికి ఆ సంగతి ఎవరికీ తెలియదు. కొత్త పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఎక్కి కూర్చోగానే యెహోషువ వచ్చి సరిగ్గా వాళ్ళిద్దరి నడుమ ఇరుక్కున్నాడు.

"ఒరేయ్, కిటికీ పక్కకు పోరా!"

"భయంగా ఉందన్నా."

జ్ఞానప్రకాశం మళ్ళీ నోరు తెరవబోయాడు. అంతలో మరిది వీపు వెనక నుంచి ఎలిశబెతు చెయ్యి వచ్చి అతని భుజం మీద ఆనింది. బండి కదిలింది. తడ దాటింది, గుమ్మిడిపూండి దాటింది. ఆ చెయ్యి అక్కడే ఉంది.