అరవై ఒక్క డిగ్రీల అబద్ధం

టెస్ట్ ట్రాక్ దిగుడులో హైబ్రిడ్ ఎస్‌యూవీ చక్రాలు ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. బండి పల్టీలు కొట్టింది. టెస్ట్ డ్రైవర్ అక్కడికక్కడే పోయాడు. కంపెనీ మాత్రం ‘డ్రైవర్ పొరపాటు’ అని చేతులు దులుపుకుంది.

ఆ డ్రైవర్ మౌనికి చెల్లెలి భర్త. మౌని గూఢచారి. పెద్దగా మాట్లాడడని డిపార్టుమెంటులో పెట్టిన పేరది.

“ఏడ్చావా?” అడిగాడు చీఫ్.

“రాలేదు సార్.”

“పోనీ, వేరేవాళ్ళని పంపనా?”

“వద్దు. చెప్పండి.”

చీఫ్ ముక్తసరిగా చెప్పాడు. ఈ బండి ఆర్డర్లు తన్నుకుపోవాలని ఓ విదేశీ ముఠా కాచుకుని ఉంది. రేపు ఉదయం కొండదారిలో, టీవీ కెమెరాల ముందు, నర్సులకు కొత్త బండ్లు అప్పగిస్తారు. వాటిలో ఒక్కటి బోల్తాపడితే చాలు, ఇక ఈ మోడల్‌ను ఎవరూ ముట్టుకోరు. ముఠాలో చేరినట్టు నటిస్తున్న మన మనిషి ఒకతె ఉంది. కంపెనీ బ్యాటరీ విభాగానికి హెడ్. కోడ్‌నేమ్ నెమలి.

మర్నాడు మౌని మెకానిక్ వేషంలో కొండ మీదికి చేరాడు. టైరు గాలి చూసే గేజ్‌లా కనిపిస్తూ, బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివే స్కానర్ చేతిలో ఉంది. నల్లకళ్ళద్దాలు, పట్టు స్కార్ఫ్‌తో నెమలి పక్కకొచ్చి నిలబడింది.

“గేరు గట్టిగా పడుతోందా?”

“నూనె పాతదైతే అంతే.”

కోడ్ సరిపోయింది.

“బండ్లన్నీ నేనే చూశాను. క్లీన్. నీకిక్కడ పనేం లేదు,” అంది నెమలి. “ఆ డ్రైవర్ మీవాడటగా. పాపం, బ్యాటరీ వేడెక్కిందని లైటు వెలిగినా పట్టించుకోలేదు.”

మౌనికి ఏమీ అనిపించలేదు. అలవాటు కొద్దీ ఒక్కో బండికీ స్కానర్ పెట్టుకుంటూ వెళ్ళాడు. వరసలో మొదటి బండి దగ్గర అంకె మారింది. బ్యాటరీ అరవై ఒక్క డిగ్రీలు. రాత్రంతా షెడ్డులో ఆపి ఉంచిన బండి! తలుపు తీసి, వెనక సీటు కింద బ్యాటరీకి గాలి ఆడే చోట అరచెయ్యి పెట్టాడు.

చల్లగా ఉంది.

బ్యాటరీ వేడెక్కలేదు. వేడెక్కిందని గేర్‌బాక్స్ కంప్యూటర్‌కు ఏదో చాడీలు చెబుతోంది. దిగుడులో ఆ చాడీ శ్రుతి మించితే, బ్యాటరీని కాపాడదామని కంప్యూటర్ గేర్‌బాక్స్‌ను బిగించేస్తుంది. బావ లైటు చూసే ఉంటాడు. చూసినా చేయగలిగింది లేదు. ఈ బండిని క్లీన్ అన్నది నెమలి.

అంతలో జెండా ఊపారు. బండి కదిలింది. మౌని వెనక సీట్లోకి దూకాడు.

“ఎవరయ్యా నువ్వు?” స్టీరింగ్ పట్టుకున్న హెడ్ నర్సు అద్దంలోంచి ఉరిమి చూసింది.

“మెకానిక్‌నమ్మా. బండి ఆపండి.”

“మా మనవరాలు టీవీలో చూస్తోంది. ఇప్పుడు ఆపితే పరువేం కాను?”

దిగుడు మొదలైంది. వెనక, జనం మధ్యలో నిలబడి నెమలి ఫోన్ బయటికి తీసింది.

మౌని సీటు పైకి లేపాడు. వైర్ల మధ్య అగ్గిపెట్టెంత డబ్బా వేళ్ళకు తగిలింది. లాగితే రాలేదు. గోరు లేచిపోయింది, నొప్పి తెలియలేదు. మళ్ళీ లాగాడు. డబ్బా ఊడి వస్తుండగా నెమలి బటన్ నొక్కింది. చక్రాలు ఒక్క కుదుపు కుదిపి, మళ్ళీ మామూలుగా దొర్లాయి.

“ఏంటా కుదుపు?”

“గతుకమ్మా.”

“రోడ్డు అద్దంలా ఉంటే గతుకేంటయ్యా!”

మౌని వెనక్కి వచ్చి డబ్బా చూపించగానే చీఫ్ మనుషులు నెమలిని జీపు వైపు నడిపించారు. మౌని పక్కనుంచి వెళుతూ ఆమె ఆగింది. “మీవాడు బాగా నడిపాడు. చివరిదాకా స్టీరింగ్ వదల్లేదు.”

కోపం వస్తుందేమోనని మౌని ఎదురుచూశాడు. రాలేదు. చెల్లెలికి ఫోన్ చేశాడు.

“రిపోర్టు తప్పమ్మా. బావ పొరపాటేం లేదు.”

“నాకు తెలుసన్నయ్యా. కాస్త ఇరుగుపొరుగుకి కూడా చెప్తావా?”

“చెప్తా.”

ఆమె పెట్టేశాక కూడా ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాడు.

కంపెనీ డైరెక్టర్ పరుగున వచ్చాడు. “మా కృతజ్ఞతగా, సార్! నమ్మకానికి మారుపేరు ఈ బండి,” అంటూ కొత్త ఎస్‌యూవీ తాళం చేతిలో పెట్టాడు.

మౌని తాళం తిరిగి ఇచ్చేశాడు.

“బస్‌స్టాప్ ఎటండీ?”