గోదావరిఖనికి వచ్చిన రంగూన్ కోడలు

"మొదటివాణ్ణి ఇంఫాల్ బజార్లో ఎత్తుకుపోయారు. రెండోవాణ్ణి కలకత్తాలో, పట్టపగలు, ట్రామ్ దిగుతుంటే. ఇద్దరూ మళ్ళీ కనిపించలేదు. శవాలు కూడా దొరకలేదు."

చీఫ్ టేబుల్ మీదున్న రెండు ఫొటోలను బోర్లా తిప్పాడు. మూడోదాన్ని సదయ్య వైపు జరిపాడు.

హైదరాబాద్‌లో ఒక టైప్ ఇన్‌స్టిట్యూట్ వెనక గదిలో ఉంది ఆ నిఘా ఆఫీసు. బయట బోర్డు లేదు. ముందు గదిలో మిషన్ల చప్పుడు ఆగనంతసేపూ లోపలి మాటలు ఎవరికీ వినిపించవు. అది 1990, వానలు తగ్గుముఖం పడుతున్న కాలం.

"మూడో సాక్షి ఇతను. అలీముద్దీన్. తండ్రి మన కరీంనగర్ వైపు నుంచే బర్మా వెళ్ళి స్థిరపడ్డాడు. ఇతను రంగూన్‌లో అంబులెన్స్ డ్రైవర్. రెండేళ్ళ కిందట అక్కడి మిలటరీ జనం మీద కాల్పులు జరిపినప్పుడు శవాలను ఇతని బండిలోనే తరలించారు. ఎక్కడ పూడ్చారో ఇతనికి తెలుసు. తెలిసిన మిగతావాళ్ళెవరూ ఇప్పుడు లేరు."

"ఇతనెలా తప్పించుకున్నాడు సార్?"

"సరిహద్దు దాటి పారిపోయి వచ్చాడు. వెనకే బయల్దేరిన భార్యను, రెండేళ్ళ కూతురిని చెక్‌పోస్టులో దింపేశారు. అంతే. ఆ పేర్లతో మా దగ్గర ఎవరూ లేరంటుంది అక్కడి సర్కారు."

చీఫ్ సిగరెట్ ఆర్పాడు.

"దీపావళి తర్వాత ఢిల్లీకి విదేశీ న్యాయవాదుల బృందం వస్తోంది. వాళ్ళ ముందు ఇతను సాక్ష్యం చెబుతాడు. అప్పటిదాకా ప్రాణాలతో ఉండాలి. మన దేశంలోనే ఉండాలి. గోదావరిఖనిలో మేనత్త ఇంట్లో తలదాచుకున్నాడు. నువ్వు పుట్టింది నస్పూర్‌లో కదూ?"

"అవును సార్. మా నాయన బొగ్గు బాయిలో పనిచేసేవాడు."

"అందుకే నిన్ను పిలిచాను. కవర్, స్కూటర్ మెకానిక్. కోడ్ నేమ్, ల్యాంప్."

* * *

గోదావరిఖని బస్టాండు వెనక హమీద్ స్కూటర్ షెడ్డు. హమీద్ తల్లి సుగ్రా బీయే అలీముద్దీన్ మేనత్త. షెడ్డు వెనకే ఇల్లు. సదయ్య తన పానాల డబ్బాతో ఆ షెడ్డులో పనికి కుదిరాడు. డబ్బా అడుగున రెండో అర ఉంది. అందులో వైర్‌లెస్ సెట్టు, చొక్కా గుండీ అంత మైకులు, చిన్న పిస్టల్.

అలీముద్దీన్ పొడుగ్గా, కాస్త వంగి ఉండేవాడు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగితే షెడ్డు రేకులు గలగలలాడేవి. చేతిలో పనిముట్టు అలాగే పట్టుకుని అతను ఆగిపోయేవాడు, ఇంకో చప్పుడు వస్తుందేమోనని.

"బ్లాస్టింగే భాయ్. ఫికర్ చెయ్యకు," అనేవాడు హమీద్ ప్రతిసారీ.

ఒకరోజు అలీముద్దీన్ ఉన్నట్టుండి అడిగాడు.

"సదన్నా, నాలుగేండ్ల పిల్ల ఎంత ఎత్తుంటది?"

సదయ్యకు పెళ్ళి కాలేదు. అయినా గాలిలో చెయ్యి పెట్టి చూపించాడు. "గింత ఉండొచ్చు."

అలీముద్దీన్ తన అరచేతిని అక్కడికి తెచ్చి, ఎవరి తల మీదో పెట్టినట్టు కాసేపు ఉంచాడు.

"నేను చూసినప్పుడు మోకాలు కాడికే ఉండె. మా హబీబున్నీసాకు మాటలు గూడ సక్కగ రాకపోయేది. పానీ అనుమంటే నానీ అనేది."

సదయ్య తలవంచుకుని ప్లగ్గు తుడవడం మొదలుపెట్టాడు. కాపలా కాసే మనిషితో స్నేహం చేయకూడదని ట్రైనింగ్‌లో చెప్పారు. స్నేహం చేయకుండా ఉండటం ఎలాగో చెప్పలేదు.

* * *

ఆమె ఒక మధ్యాహ్నం రామగుండం స్టేషన్ నుంచి ఆటోలో దిగింది. పచ్చటి సిల్కు బ్లౌజు, పాదాల దాకా పూల లుంగీ, నల్ల కళ్ళద్దాలు, చేతిలో తోలు సంచి. అంత అందగత్తెను ఆ గల్లీ చూసి ఎరగదు. "సినిమా ఆమె లెక్కున్నది," అన్నారెవరో.

ఆమె కళ్ళద్దాలు తీసింది. అలీముద్దీన్ చేతిలోని పానా కిందపడింది.

మైమూనా. అతని భార్య.

ఆ రోజు సుగ్రా బీ ఏడుపు గల్లీ చివరి దాకా వినిపించింది. కోడలి ముఖాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ముద్దులు పెట్టి, మళ్ళీ ఏడ్చింది. మైమూనా అందరికీ ఒకటే చెప్పింది. వాళ్ళు వదిలేశారు. పాప రంగూన్‌లో అమ్మమ్మ దగ్గర క్షేమంగా ఉంది. తాను కొండల్లో రోజుల తరబడి నడిచి సరిహద్దు దాటింది.

సదయ్య ఆమె పాదాలను చూశాడు. మడమలు పట్టులా ఉన్నాయి. తర్వాత చేతులు చూశాడు. ఎడమ చేతికి రెండు వేళ్ళ మీద గోళ్ళు లేవు.

సాయంత్రం వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు కరకరలాడింది. "ల్యాంప్, ఆమె ఎర. గాలం ఎవరి చేతిలో ఉందో కనుక్కో."

ఆమె సంచి పట్టీ తెగితే కుట్టించి తెస్తానని సదయ్యే తీసుకెళ్ళాడు. తిరిగిచ్చేటప్పటికి ఆ కుట్టులో మైకు ఉంది. కొన్నాళ్ళపాటు అందులోంచి వినిపించింది ఒకటే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టుండే ఏడుపు. ఆ తర్వాత ఎస్‌టీడీ బూతులో ఎవరితోనో బర్మీస్‌లో నాలుగు మాటలు. హైదరాబాద్‌లో తర్జుమా చేయించారు. "శుక్రవారం. నమాజు తర్వాత. ఇంటికే రండి."

మర్నాడు ఆమెను దవాఖానకు దింపే నెపంతో సదయ్య స్కూటర్‌ను గోదావరి ఒడ్డున ఆపాడు. అతను నోరు తెరిచేలోపే ఆమె ఉర్దూలో అంది.

"మీరు మెకానిక్ కాదని మొదటి రోజే తెలిసింది. హమీద్ బాగుచేస్తే బండి నడుస్తుంది. మీరు బాగుచేస్తే ఇద్దరు నెట్టాలి."

"శుక్రవారం ఎవరొస్తున్నారు?" సదయ్యా ఉర్దూలోనే అడిగాడు.

ఆమె నది వైపు చూస్తూ చెప్పింది. దవాఖాన బండిలా రంగు వేసిన వ్యాన్ వస్తుంది. అందులో కెప్టెన్ ఉంటాడు, కలకత్తాలో మనిషిని ఎత్తుకెళ్ళిన వాడే. ఆమె అలీముద్దీన్‌కు టీలో మాత్ర కలపాలి. స్పృహ తప్పిన రోగిని తీసుకెళ్తున్నట్టు విశాఖపట్నం రేవు దాకా వెళ్తారు. అక్కడ ఓడ ఉంది.

"ఎందుకు చేస్తున్నావమ్మా ఈ పని?"

"పాప అమ్మమ్మ దగ్గర లేదు. వాళ్ళ దగ్గర ఉంది. జైల్లో పెట్టిన కొత్తలోనే నా ఒళ్ళోంచి తీసుకెళ్ళారు. అప్పుడప్పుడూ దాని గొంతు క్యాసెట్‌లో వినిపిస్తారు. అలీని తెస్తే పాపనిస్తామన్నారు." ఆమె మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది. "నేను మీవైపు వస్తే మీ సర్కారు నా బిడ్డను తెచ్చిస్తుందా?"

సదయ్య రేపు చెబుతానన్నాడు. షెడ్డుకు వచ్చి సెట్టు తీశాడు.

"మాటివ్వు," అన్నాడు చీఫ్.

"నిజంగా తేగలమా సార్?"

"ఏ సర్కారైతే పిల్లే లేదంటోందో ఆ సర్కారు దగ్గర్నుంచి ఎలా తెస్తాం? మాటివ్వమన్నాను, అంతే."

సదయ్య మాటిచ్చాడు. మైమూనా చాలాసేపు అతని ముఖం చదివింది. తర్వాత సరేనని తలూపింది.

* * *

శుక్రవారం మఫ్టీలో పోలీసులు గల్లీ చుట్టూ కాపు కాశారు. సోడా బండి దగ్గర ఇద్దరు, ఇస్త్రీ డబ్బా దగ్గర ఒకడు. హమీద్ మసీదుకెళ్ళాడు. ఒంట్లో బాగాలేదని అలీముద్దీన్ ఇంట్లోనే ఉండిపోయాడు.

నమాజు ఇంకా ముగియలేదు. మైమూనా సంచిలోని మైకు నుంచి సదయ్య చెవిలోని ఇయర్‌ఫోన్‌లో వ్యాన్ తలుపు మూసిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఉర్దూలో అలీముద్దీన్ గొంతు. మత్తులో లేదు. స్పష్టంగా ఉంది.

"నన్ను కట్టెయ్యక్కర్లేదు. నా అంతట నేనే వస్తున్నాను. నా బిడ్డను వదలండి, చాలు."

సదయ్య ఇంట్లోకి పరిగెత్తాడు. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. సుగ్రా బీ మాత్రం జానమాజ్ చాప మీద కూర్చుని దువా చేస్తోంది. మైమూనా అతని మాట నమ్మలేదు. మొగుడికి అంతా చెప్పేసి, వ్యాన్‌ను ముందుగానే వెనక సందు అవతలికి రప్పించింది. అతను క్షణం కూడా ఆలోచించినట్టు లేడు.

సదయ్య హమీద్ చేతక్ స్కూటర్‌ను తన్ని లేపాడు. అదృష్టం, అది హమీద్ బాగుచేసిన బండి. వెనక పోలీసు జీపు అందుకుంది. కమాన్‌పూర్ రోడ్డు మీద దూరంగా తెల్ల వ్యాన్ దుమ్ము రేపుతూ పోతోంది. ముందు బొగ్గు లైను లెవెల్ క్రాసింగ్.

ఇయర్‌ఫోన్‌లో మైమూనా అడిగింది. "ముందు పాప గొంతు వినిపించండి. ఇతను రెండేళ్ళుగా వినలేదు."

"నిన్ననే రికార్డు చేసి పంపారు," అన్నాడు కెప్టెన్ వచ్చీరాని ఉర్దూలో. మీట నొక్కిన చప్పుడు. తర్వాత చిన్న గొంతు, తడిగా, ఆగి ఆగి.

"అమ్మీ... నానీ... అమ్మీ, నానీ."

అలీముద్దీన్ ఒక్కసారిగా నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. "అదే గొంతు మైమూనా! ఏమీ మారలేదు. ఇప్పటికీ పానీని నానీ అంటోంది!"

ఆ తర్వాత ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"దానికి నాలుగేళ్ళు," అంది మైమూనా.

"ఏంటి?"

"నాలుగేళ్ళ పిల్ల నానీ అనదు. జైల్లో ప్రతిసారీ ఇదే వినిపించారు. ప్రతిసారీ నిన్నటిదే అన్నారు. నేను ప్రతిసారీ నమ్మాను." ఆమె గొంతు పెరగలేదు. "కెప్టెన్, ఇది ఎప్పటిది?"

కెప్టెన్ డ్రైవర్‌ను వేగం పెంచమన్నాడు.

ఇయర్‌ఫోన్‌లో ఒక కేక, అద్దం పగిలిన చప్పుడు. ఆమె స్టీరింగ్ మీద పడింది. వ్యాన్ అటూ ఇటూ ఊగి, దిగుతున్న గేటును విరగ్గొట్టుకుని, సరిగ్గా పట్టాల మధ్య ఆగిపోయింది. మలుపులో బొగ్గు బండి కూత వేసింది. నిండా లోడుతో ఉంది. ఆపాలన్నా ఆగదు.

డ్రైవర్ దూకి పొలాల్లోకి పరిగెత్తాడు. వెనక తలుపులోంచి కెప్టెన్ దిగాడు, అలీముద్దీన్‌ను ముందు పెట్టుకుని, కణతకు పిస్టల్ ఆనించి. స్కూటర్ దిగిన సదయ్య చేతికి ముందుగా దొరికింది దాని సైడు డబ్బాలోని పానా. విసిరాడు. అది కెప్టెన్ మణికట్టుకు తగిలింది. గోదావరిఖని వచ్చాక సదయ్య పానాను సరిగ్గా వాడింది అదొక్కసారే.

పోలీసులు కెప్టెన్ మీద పడ్డారు. అలీముద్దీన్ పట్టాల అవతలికి దొర్లాడు. మైమూనా రాలేదు.

సదయ్య వ్యాన్‌లోకి తొంగిచూశాడు. ఆమె సీట్ల కింద మోకాళ్ళ మీద పాకుతూ చేతులతో తడుముతోంది. టేప్ రికార్డర్ ఎక్కడో పడిపోయింది. ఇంకా మోగుతూనే ఉంది. "అమ్మీ... నానీ..."

"రామ్మా! జల్ది!"

"ఒక్క నిమిషం. పాప గొంతు..."

అతను ఆమెను నడుం పట్టుకుని బయటికి లాగాడు. ఆమె అతని చెయ్యి కొరికింది. ఇద్దరూ కంకర మీద పడ్డ క్షణంలోనే ఇంజను వ్యాన్‌ను గుద్దుకుంది. బొగ్గు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి వెళ్తూనే ఉన్నాయి. అవి ఆగేసరికి వ్యాన్ అనదగ్గది అక్కడేమీ మిగల్లేదు.

అలీముద్దీన్ వచ్చి భార్య పక్కన కూలబడ్డాడు. ఆమె ముఖం నిండా బొగ్గు పొడి.

"మీరు మాటిచ్చారు," అంది సదయ్యతో. "ఇప్పుడు చెప్పండి. ఎప్పుడు తెస్తారు?"

సదయ్య ఆమె ముందు కూర్చున్నాడు. "తేలేం. ఇచ్చేటప్పుడే అబద్ధమని తెలుసు."

ఆమె తలూపింది, ఊహించిందే విన్నట్టు. "వాళ్ళు క్యాసెట్ వినిపించారు. మీరు మాటిచ్చారు." పట్టాల వైపు తిరిగి అంది. "ఆ క్యాసెట్టయినా తీసుకోనివ్వాల్సింది."

* * *

కెప్టెన్‌ను హైదరాబాద్‌లో ప్రశ్నించారు. ఓడ పేరు చెప్పాడు, కలకత్తాలో తన మనుషుల పేర్లు చెప్పాడు. పాప సంగతి తనకు తెలియదన్నాడు. క్యాసెట్‌ను పైవాళ్ళిచ్చారు, అంతే. అతను అబద్ధమాడుతున్నట్టు ఎవరికీ అనిపించలేదు.

అలీముద్దీన్ ఢిల్లీ వెళ్ళి సాక్ష్యం చెప్పాడు. శవాలు పూడ్చిన చోట్లన్నీ తడబడకుండా చెప్పాడు. విదేశీ పేపర్లలో వచ్చింది. రంగూన్ సర్కారు అంతా కల్పితమంది.

ఆ తర్వాత సదయ్య ఒకసారి గోదావరిఖని వెళ్ళాడు. అలీముద్దీన్ షెడ్డులో పనిలో ఉన్నాడు. పలకరించాడు గానీ చేతిలో పని ఆపలేదు. వసారాలో మైమూనా నూలు చీర కట్టుకుని బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. సుగ్రా బీయే గడప దగ్గరికి వచ్చింది.

"పిల్ల పేరు మీద ఫాతిహా చదివియ్యాల్నా వద్దా అని మౌల్వీ సాబ్‌ను అడిగిన బిడ్డా. ఆయన గూడ చెప్పలేకపాయె. పోయిందని ఎవలన్న చెప్తే ఏడ్సుకుందుము. ఉన్నదంటే ఎదురుచూద్దుము. గిప్పుడు మేం ఏం చెయ్యాలె?"

సుగ్రా బీ జవాబు కోసం ఆగలేదు. లోపలికెళ్ళి చాయ్ తెచ్చింది. అతను తాగి, గ్లాసు గడప మీద పెట్టి వచ్చేశాడు.

హైదరాబాద్‌లో చీఫ్ లేచి నిలబడి చెయ్యి కలిపాడు.

"గుడ్ వర్క్, ల్యాంప్. నీకు నచ్చిన పోస్టింగ్ అడుగు. కాదనను."

"ఎక్కడికైనా పంపండి సార్. ఎవరికీ మాటివ్వాల్సిన పని మాత్రం ఉండకూడదు."

చీఫ్ కిటికీ వైపు తిరిగి సిగరెట్ వెలిగించుకున్నాడు.

"అలాంటి పోస్టు మన డిపార్ట్‌మెంట్‌కు ఇంకా శాంక్షన్ కాలేదయ్యా."