జడ్జిగారు చూసిన కిటికీ

"ఆ జడ్జి సుగుమారన్‌కి మా ఉసురు తగలకపోదు బాబూ!"

మలేసియాలోని క్లాంగ్‌లో ప్రైవేటు డిటెక్టివ్ శివనేశన్ గుమ్మంలో బంగారయ్య అన్న మొదటి మాట అదే. పొరుగున ఉన్న షణ్ముగం కొట్టు తగలబెట్టాడని బంగారయ్య తమ్ముడు మనోజ్‌కి ఆ జడ్జి ఏడేళ్ల జైలు వేశాడు. మనోజ్ తన వంటింట్లోంచి పెట్రోలు డబ్బాతో రావడం కొట్టు వెనకనుంచి చూశానని షణ్ముగం సాక్ష్యం.

"తీర్పులో ఏమన్నాడు?"

"మా వంటింటి కిటికీకి ఎదురుగానే కొట్టు కనబడతాదంట, మజ్జిలో అడ్డేటీ లేదంట. కోర్టులో మా కిటికీ ఊసు ఎవులూ ఎత్తనేదు!"

అసిస్టెంటు మలర్ తలెత్తింది. "మరి ఆయనకెలా తెలిసింది సార్?"

"పద, చూద్దాం."

బంగారయ్య ఊరు బటాంగ్ బెర్జుంటైలో ఆ కిటికీ బయట మోకాలెత్తు పామాయిల్ మొక్కలు. వాటి అవతల మాడిన కొట్టు.

"ఈ మొక్కలెప్పటివి?"

"మావోణ్ని పట్టుకెళ్లినాక ముసలి చెట్లు కొట్టేసి నాటినారు. అంతకుముందు గోడలాగుండీవి, కొట్టు కనపడీదే కాదు."

జడ్జికి ఈ కిటికీ ఎవరు చూపించారో తేలాలని శివనేశన్ షణ్ముగానికి కబురుపెట్టి ఆ వంటింటికే పిలిపించాడు.

"జడ్జిని నేను తేలేదు లా!" అన్నాడు షణ్ముగం వస్తూనే, అక్కడివాళ్ల ఊతపదం 'లా' తగిలించి.

"నిజమే. నువ్వు తెస్తే నీ కొట్టు దగ్గర నిలబెట్టేవాడివి. ఆయన చూసింది ఈ కిటికీలోంచి, అదీ చెట్లు కొట్టేశాక. విచారణ నడుస్తుండగా, లాయర్లెవరూ లేకుండా వచ్చాడు. తలుపు తీసింది ఈ ఇంటివాళ్లే."

బంగారయ్య భార్య నూకమ్మ చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"కోర్టులో కుర్సీమీద కూసునే బాబు గుమ్మంలోకొస్తే పొమ్మంతానా? కాఫీ ఇచ్చినాను. మా బతుకు సూస్తే జాలి పడతాడనుకున్నాను. కొట్టు ఏదమ్మా అంటే కిటికీ కాడికి తీసుకెళ్లి నానే సూపించినాను. ఎవులికీ సెప్పకమ్మా అన్నాడు. మరిదికి మంచి సేత్తాడనుకున్నాను."

"నాకూ సెప్పనేదేటే?" అన్నాడు బంగారయ్య.

"సార్, అలా దొంగచాటుగా చూడటం తప్పు కదా! తీర్పు కొట్టేస్తారు!" అంది మలర్ ఆనందంగా.

"చెప్పేది ముద్దాయి వదిన. కాదనేది జడ్జి," అన్నాడు శివనేశన్. షణ్ముగం నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

అప్పీలులో అదే జరిగింది. వదిన మాట నమ్మలేమన్నారు. చెట్ల సంగతి మొదటి విచారణలోనే చెప్పాల్సిందన్నారు. మనోజ్ లోపలే ఉన్నాడు, సుగుమారన్ ప్రమోషన్ మీద పైకోర్టుకి పోయాడు. నూకమ్మ ఆ కిటికీ మళ్లీ తియ్యలేదు.

లాయర్ల కోసం బంగారయ్య అమ్ముకున్నది తండ్రి రబ్బరు తోటలో చెట్లు గీసి, ఆ కూలితో కొన్న నేల. రెండుంబావు ఎకరాలు.