వెనక గదిలో అక్క మిషను

ఆ ప్రింటింగు షాపులో వెనక గదికి చెడ్డపేరు వచ్చి మూడేళ్లయింది. చీకటి పడితే అటువైపు ఎవరూ వెళ్లరు. ఆ గదిలో ఒక పాత కంప్యూటరు, దాని పక్కన ఒక పాత ప్రింటరు... మనిషన్నవాడు లేకుండానే రెండూ లేస్తాయట. కర్ర్‌ర్... అని చప్పుడు. తలుపు కింద సందులోంచి నీలం వెలుగు.

"ఆవిడ టైపు చేసుకుంటోందిరా, మనమెందుకు మధ్యలో," అని బైండింగు తాత జిగురు డబ్బా మూసేసి, ఏడు కొట్టకముందే ఇంటికి చెక్కేస్తాడు. తాత సగం విన్నాడు, సగం కల్పించాడు, అది వేరే సంగతి. ఇది మాత్రం తాత చెప్పింది కాదు. ఇప్పుడక్కడ టైపు పని చేసే చిట్టి చెప్పింది.

ఆవిడంటే చిట్టి వాళ్ల అక్క. ఆ షాపులో పదేళ్లు పుస్తకాలు టైపు చేసి పేజీలు కట్టింది. మూడేళ్ల కిందట ఒక పొద్దున తాత షట్టరు ఎత్తి చూసేసరికి, ఆ మిషను ముందే, కీబోర్డు మీద తల వాల్చి ఉంది. ఉబ్బసం మనిషి. అప్పటికే ఒళ్లు చల్లబడిపోయింది.

ఆ ఉద్యోగమే ఓనరు చిట్టికిచ్చాడు. ముందు గదిలో కొత్త మిషను వేయించాడు. వెనక గదిలోకి చిట్టి కూడా అడుగుపెట్టేది కాదు. భయమేమో పాపం, అనుకున్నారందరూ. భయం కాదు. ఆ ముందు రాత్రి ఏం జరిగిందో చిట్టికి ఒక్కదానికే తెలుసు—

ఆ రోజు చిట్టి పుట్టినరోజు. "ఆరింటికల్లా వచ్చేస్తానే," అని వెళ్లింది అక్క. ఆరూ అయింది, తొమ్మిదీ అయింది, పదకొండూ అయింది. చిట్టి లోపల గడియ పెట్టుకుని పడుకుంది.

తలుపు మీద వేలితో... టక్... టక్... టక్.

"చిట్టీ..." అని మెల్లగా ఒక పిలుపు.

వినిపించింది. మేలుకునే ఉంది. కాసేపు నిలబడనీ, అప్పుడు తెలిసొస్తుంది, అనుకుంది. ఆ కాసేపూ అయ్యాక లేచి తీస్తే, బయట ఎవరూ లేరు.

అక్క అలిగి షాపుకి వెళ్లిపోయింది. ఆ కోపంతోనే పోయింది. మూడేళ్లుగా చిట్టిని లోలోపల తినేస్తున్నది ఇదే. ఎవరికి చెప్పుకుంటుంది?

సరే, ఒక సాయంత్రం రిటైరైన మాస్టారొకాయన పెన్‌డ్రైవు పట్టుకుని వచ్చాడు. తన అనుభవాలన్నీ పుస్తకం వేసుకుంటున్నాడు. మొదటి ఐదు అధ్యాయాలు అప్పట్లో అక్క టైపు చేసినవే. ఆవిడ పోయాక ఓనరు ఆ ఫైళ్లు పెన్‌డ్రైవులో వేసిచ్చేశాడు, పుస్తకం అటకెక్కింది. ఇప్పుడు మిగిలిన మూడూ వేరేచోట టైపు చేయించి తెచ్చాడు. ఎనిమిది ఫైళ్లూ కలిపి ఒకటి చెయ్యాలి, తెల్లారేసరికి అచ్చుకి పంపాలి.

"ఎంతసేపు పడుతుందమ్మా?"

"ఎంతసేపు మాస్టారూ, అయిదు నిమిషాలు!"

నోటికేం, ఎన్నయినా చెబుతుంది. కలపగానే అక్క పేజీలన్నీ కలగాపులగమయ్యాయి. ఒత్తులు ఒకచోట, గుడులు ఇంకోచోట, మధ్యమధ్య నల్ల డబ్బాలు. "మొత్తం సెలెక్టు చేసి ఫాంటు మార్చిపారెయ్," అని ఓనరు స్కూటరు తాళాలు తీసుకుంటూ సలహా పారేసి పోయాడు. మార్చింది. ఉన్న కాస్త తెలుగూ పోయి, గీతలూ చుక్కలూ మిగిలాయి.

అప్పుడు తట్టింది చిట్టికి. అక్క వాడిన ఫాంటూ, ఈ కొత్త మిషన్లో ఫాంటూ పేరుకి ఒకటే. కానీ ఇది తర్వాత వచ్చిన రకం. అక్షరాల చోట్లన్నీ మార్చేశారు. పోనీ రెండూ ఇందులోనే పెడదామంటే, ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు. అక్క ఫైళ్లని పాత ఫాంటున్న మిషన్లోనే తెరిచి, అక్కడే పీడీఎఫ్ చేసి, ఆ పేజీల్ని తెచ్చి వీటితో కలపాలి. ఇంకో దారి లేదు.

పాత ఫాంటున్న మిషను... వెనక గదిలో.

"తాతా, కాస్త తోడు రావూ?"

"నేనా? నాకింకా బతకాలనుందే తల్లీ!" తాత అప్పటికే చెప్పులేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, మనసొప్పక వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు. "లోపలికి వెళ్లేముందు... ఒకసారి పిలువు. నీ పిలుపు తెలుసుగా ఆవిడకి."

చిట్టి వెనక గది తలుపు ముందుకొచ్చి నిలబడింది. గడియ మీద చెయ్యి వేసిందో లేదో, కరెంటు పోయింది.

చీకటి. తన ఊపిరి తనకే వినిపిస్తోంది...

కరెంటు వచ్చింది. ఆ వెంటనే, మూసి ఉన్న తలుపు అవతల— కర్ర్‌ర్...

తలుపు కింద నీలం వెలుగు.

"అక్కా...?"

తలుపు తోసింది. ఖాళీ కుర్చీ. కుర్చీలో అక్క మెత్త. ఎదురుగా కంప్యూటరు దానంతటదే లేస్తోంది. చిట్టి గుమ్మం పట్టుకుని చూసి, తల కొట్టుకుంది. కరెంటు వచ్చినప్పుడల్లా మిషను దానికదే ఆన్ అయ్యేలా అక్కే పెట్టుకుంది. "నేను టీ తాగి వచ్చేసరికి అది రెడీగా ఉంటుందే!" అని ఇంట్లో గొప్పలు కూడా పోయేది. పగలయితే ఆ చప్పుడు షాపు గోలలో కలిసిపోతుంది. ఇక ఆ ప్లగ్గు పీకే మగాడు షాపులో ఎవడున్నాడు?

పెన్‌డ్రైవు గుచ్చి అక్క ఫైళ్లు తెరిచింది. అక్షరాలన్నీ బుద్ధిగా వాటి చోట్లలో కూర్చున్నాయి. మొదటి అధ్యాయం చివర, చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఫైలు పూర్తయ్యాక అక్షరాలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూడ్డానికి ఏదో ఒకటి కొట్టి, అచ్చుకి పంపేముందు చెరిపేస్తారు, ఆ పనిలో అందరికీ ఉన్న అలవాటే. మిగతావాళ్లు అ ఆ ఇ ఈ కొడతారు. అక్క కొట్టింది ఇది:

"చిట్టీ, టిఫిను డబ్బా కడిగావా? కడగవు. నాకు తెలుసు."

రెండో దాని చివర, "వానొచ్చేలా ఉంది. బట్టలు తియ్యవే మొద్దూ."

చిట్టి నవ్వింది. నవ్వుతూనే ముక్కు తుడుచుకుంది. మూడోది, నాలుగోది, అన్నీ ఇంటి మాటలే.

ఐదోది తెరిచింది. ఫైలు మీద తేదీ... తన పుట్టినరోజు. రాత్రి పన్నెండుకి పది నిమిషాల ముందు.

"పిచ్చిది, నాకోసం చూసి చూసి నిద్రపోయింది. ఇంకోసారి తలుపు కొట్టి లేపబుద్ధి కాలేదు. పొద్దున్నే వెళ్లి"

అక్కడితో ఆగిపోయింది.

కోపం లేదు. మూడేళ్లు ఏ కోపానికి భయపడిందో ఆ కోపమే లేదు. చిట్టికి ఏడుపు ఆగలేదు. కోపమున్నా బాగుండేదే, తిట్టినా బాగుండేదే! కళ్లు కనపడక తడుముకుంటూ కింద కొట్టింది, "నిద్రపోలేదే అక్కా. మేలుకునే ఉన్నా."

కరెంటు పోయింది.

మళ్లీ వచ్చింది. కర్ర్‌ర్... మిషను లేచింది. ఫైలు తెరిచి చూస్తే, అక్క వాక్యం ఉంది. చిట్టిది లేదు.

"అక్కలా మాటమాటకీ సేవ్ కొట్టలేదు, అందుకే పోయింది, అంతే," అంటుంది చిట్టి. అంతేనేమో మరి.

పుస్తకం తెల్లారేసరికి వెళ్లింది. నాలుగు వాక్యాలు చెరిపింది. ఐదోదానికి చెయ్యి రాలేదు. అచ్చయ్యాక మాస్టారు ఆ పేజీ చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

వెనక గది చెడ్డపేరు అలాగే ఉంది. ఇప్పటికీ చీకటి పడ్డాక కరెంటు పోయి వస్తే, లోపల కర్ర్‌ర్... మంటుంది. ఓనరు స్కూటరు తాళాలు అందుకుంటాడు, తాత చెప్పులు వెతుక్కుంటాడు. చిట్టి మాత్రం చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి, "వస్తున్నానే అక్కా," అంటూ పరిగెత్తుకెళ్లి తలుపు తీస్తుంది.