చివరి చెయ్యి

పొద్దున్నే సుగుణ తెర తెరిచేసరికి లాకుల తలుపులు నడిపే కంప్యూటర్లు, లాకుమెదళ్ళు, ఒక్కొక్కటే హాజరు పలుకుతున్నాయి. పెద్దపాయ మూసి ఉంది. గొల్లగండి మూసి ఉంది. చినలంక మూసి ఉంది. చినలంక తను చూసే లాకు, అక్కడే ఆమె చూపు ఆగిపోయింది. మధ్యాహ్నం పన్నెండింటికి షట్టర్ ఎత్తుతానని రాసుకుని కూర్చుందా మెదడు. ఆ వేళకి సముద్రం మంచి పోటు మీద ఉంటుంది. పోటులో తలుపు తీస్తే ఉప్పునీళ్ళు లంకలో పడతాయని చంటిపిల్లకైనా తెలుసు.

"మళ్ళీ అదే తప్పు! దీని దుంప తెగ!" అంది సుగుణ.

పక్క కుర్చీలో ఫరీదా, గొల్లగండి లాకు చూసే అమ్మాయి, తలెత్తింది. "ఇంకో చుట్టు చుట్టెయ్ అక్కా. లోపలి లెక్క ముట్టుకోకుండా పైనుంచి ఓ రెండు గంటలు కలిపేస్తే సరి."

"ఇప్పటికే దానికి ఆరు చుట్లున్నాయే. ఒకడు గంట కలిపాడు, ఇంకొకడు అరగంట తీశాడు, ఆ తీసింది ఎందుకు తీశాడో తెలీక మరొకడు మళ్ళీ కలిపాడు. లోపల కుళ్ళుతుంటే పైన గుడ్డలు చుట్టుకుంటూ కూర్చున్నాం!"

సముద్రం ముందుకొచ్చాక కృష్ణ చివరి లంకలన్నీ ఈ లాకుల మీదే బతుకుతున్నాయి. పోటులో మూసుకోవాలి, పాటులో తెరుచుకుని మురుగు వదలాలి, అంతే. వాటిని నడిపే కోడ్ అందరి ఉమ్మడి సొత్తు. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. పోటెప్పుడో పాటెప్పుడో లెక్కగట్టే 'పోటుపాటు' అనే కోడ్ లైబ్రరీ మాత్రం బయటిది. ఎవరో మహానుభావుడు రాసి, ఊరికే పంచిపెట్టి, 'ఇక నా వల్ల కాదు, కావలసినవాళ్ళు చూసుకోండి' అని ఒక ముక్క రాసి తప్పుకున్నాడు. ఆయన లెక్కలో నది ఇంకా పాత చోటే సముద్రంలో కలుస్తోంది. ఆ చోటు నీళ్ళ కిందికి పోయి పదేళ్ళయింది.

మరి దిద్దడానికేం రోగం? రోగం పేరు చివరి చెయ్యి. ఉమ్మడిలో వాడే ఏ ఫైలునైనా, బయటిదైనా సరే, ఆఖరున ఎవరు ముట్టుకుంటే ఆ ఫైలు వాళ్ళ నెత్తినే ఉంటుంది. దాని ఫిర్యాదులన్నీ వాళ్ళకే, దాని వల్ల జరిగే నష్టానికి జవాబూ వాళ్ళదే. బాధ్యత పెరుగుతుందని పెట్టారు పెద్దలు. పెరిగింది మహా! పదేళ్ళలో ఒక్క మనిషి కూడా ఆ ఫైలు మీద చెయ్యి వెయ్యలేదు. బయట నుంచి చుట్టు చుడితే పేరు పడదు కాబట్టి అందరూ చుట్లే చుట్టారు. ఆ చుట్టినవాళ్ళలో సుగుణ కూడా ఉంది, ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి ఇంకా మండుతుంది.

ఫోను మోగింది. చినలంక లాకు కాపలాదారు నాంచారయ్య.

"సుగుణమ్మా, తలుపు పన్నెండింటికి లేస్తదని చూపిస్తంది ఇక్కడ. నిజవేనా?"

"చూస్తున్నా బాబాయ్."

"చూట్టవేంటమ్మా! పోయిన అమాసకి ఒక మంచినీళ్ళ చెరువు ఉప్పు చేసేశారు. పసోళ్ళకి పడవల్లో నీళ్ళు మోస్తన్నాం. ఇంకొక్క చెరువే మిగిలింది. ఇయ్యాళ పున్నం పోటు. అది గూడా పోతే లంక ఖాళీ చేసి పోవాల్సిందే."

"చేత్తో ఆపలేవా?"

"దేన్ని పట్టుకుని ఆపను? ఉమ్మడిలో కలిపేటప్పుడు తిప్పే చక్రం కోసి పట్టుకుపోయారు గదా మీవోళ్ళు!"

సుగుణ ఫోను పెట్టేసి నేరుగా పొద్దుటి సభలోకి వెళ్ళింది.

సభ అంటే తెర మీద లాకులు చూసే ముప్ఫై మంది ముఖాలు. సంచాలకుడు విశ్వేశ్వరం గారు పెద్దపాయ లాకు కూడా చూస్తారు. 'పోటుపాటు'ని ఉమ్మడి సొంతం చేసుకునే దత్తత తీర్మానాన్ని ఆరు నెలలుగా నానబెడుతున్నది ఆయనే.

"దత్తతంటే మాటలా అమ్మా?" అన్నారాయన చల్లగా. "అది మన కోడ్ కాదు. రాసినాయన ఎక్కడున్నాడో తెలీదు. రేపేదైనా జరిగితే ఎవరి పేరు చెప్తాం? ఉపసంఘం వేద్దాం. పరిశీలిస్తారు."

"పన్నెండింటికి తలుపు లేస్తుందండీ!"

"అందుకేగా, ఈ పూటకో చుట్టు చుట్టమంటున్నాను."

"పోయిన అమావాస్యకీ ఇదే చెప్పారు. నేనే చుట్టాను. చెరువు పోయింది. ఎవరి పేరు పడింది? ఎవరి పేరూ పడలేదు! తాగే నీళ్ళు మాత్రం పోయాయి. మనది కాదు, మనది కాదంటూ దాని మీదే ఇన్ని లంకల్ని కూర్చోబెట్టామే, సిగ్గనిపించదా మీకు?"

విశ్వేశ్వరం గారు గొంతు సవరించుకుని, తర్వాతి అంశం, అన్నారు.

సుగుణ సభ నుంచి బయటికొచ్చి 'పోటుపాటు' ఫైలు తెరిచింది. అడుగున హెచ్చరిక వచ్చింది: 'ముట్టుకుంటే ఇది మీది. సమ్మతమేనా?'

ఫరీదా ఆమె మణికట్టు పట్టుకుంది. "అక్కా, పదేళ్ళ ఫిర్యాదులు నీ మీద పడతాయి. ఏ లాకు తప్పినా నిన్నే నిలబెడతారు. చేతిహక్కు పీకేస్తారు. ఇంకెక్కడా కోడ్ రాయనివ్వరు."

"పీకమను."

పాత తీరం లెక్క మొత్తం తుడిచేసింది. చినలంక నీళ్ళు ఇప్పుడు సముద్రంలో ఎక్కడ కలుస్తున్నాయో ఆమెకి తెలుసు, పోయిన నెలే పడవలో వెళ్ళి కొలిచింది. ఆ చోటు రాసింది. ఆరు చుట్లూ పీకేసింది. మిగతా లాకుల చోట్లు ఆమెకి తెలియవు, ఎవరిది వాళ్ళే కొలుచుకుని పెట్టుకున్నారు. అందుకని ఇంకొక్క వాక్యం చేర్చింది: తన చోటు ఈ ఫైలు లోపల రాసుకోని లాకుకి లెక్క చెప్పను. లెక్క అందని లాకు మూసుకునే ఉంటుంది.

సమ్మతమే, అని నొక్కింది.

ఫిర్యాదులు వానలా కురిశాయి. ఆమె చదవలేదు. పన్నెండు దాటింది. చినలంక షట్టర్ కదల్లేదు. నాంచారయ్య ఫోను చేసి, "కట్ట దాకా వచ్చి ఆగిందమ్మా. చెరువు నిలబడింది," అన్నాడు. సుగుణకి కళ్ళు చెమర్చాయి, ఆ వెంటనే అంతకు రెట్టింపు కోపం వచ్చింది. ఇంత చిన్న పనికి ఒక చెరువు బలైపోయింది కదా అని.

మూడింటికి పాటు మొదలైంది. చినలంక ఒక్కటే తెరుచుకుంది. తక్కిన లాకుల వెనక మురుగు ఎగదన్నడం మొదలుపెట్టింది. సాయంత్రంలోగా వదలకపోతే నారుమళ్ళు మునుగుతాయి. సభలో మిగతావాళ్ళంతా సుగుణని నోటికొచ్చినట్టు తిట్టారు. "మీ చోటు మీరు రాసుకోండి, ఒక్క వాక్యం," అని అందరికీ ఒకటే జవాబిచ్చింది.

ముందు ఫరీదా రాసింది. కళ్ళు మూసుకుని నొక్కింది, ఫైలు ఆమెదైంది. ఐదు నిమిషాలకి ఇంకొకరు రాశారు, ఆమె బరువు దిగిపోయింది. అక్కణ్ణించి తోపులాటే. రాసినవాడు తర్వాతివాడు ఎప్పుడు రాస్తాడా అని ప్రాణాలు బిగబట్టుకుని చూడ్డం, ఒక్కొక్క లాకూ తెరుచుకోవడం. అందరూ రాసేదాకా ఆగుదాం, అప్పటికి ఎవరో ఒకరు ఏదో దారి చూపిస్తారనుకుని కూర్చున్నది విశ్వేశ్వరం గారు ఒక్కరే. ఐదున్నరకి పెద్దపాయ రైతులు ఆయన గుమ్మం ముందుకొచ్చారు. గత్యంతరం లేక రాశారు. ఆయన తర్వాత రాయడానికి ఎవరూ మిగల్లేదు.

ఆరింటికి ఆయన ఫోను చేశారు. గొంతులో చల్లదనం లేదు. "సుగుణా, నా తెర నిండిపోతోందమ్మా. ఎవరో నాంచారయ్యట, పోయిన చెరువుకి జవాబు చెప్పమంటున్నాడు. నువ్వొక్కసారి ఆ ఫైలు ముట్టుకో. ఒక చుక్క పెట్టి తీసెయ్, చాలు."

"ముట్టుకుంటానండీ. దత్తత తీర్మానం పెట్టండి. చివరి చెయ్యి నియమం కొట్టేసి, 'పోటుపాటు' మన ముప్ఫై మందిదీ అని రాయండి. అది నెగ్గిన మరుక్షణం నా చెయ్యే ముందు పడుతుంది."

"ఉపసంఘం..."

"అప్పటిదాకా మీ దగ్గరే ఉంచుకోండి. నాంచారయ్య బాబాయ్‌తో మర్యాదగా మాట్లాడండి, ఆయన పెద్దాయన."

ఆరు నెలలు నానిన తీర్మానం పది నిమిషాల్లో సభ ముందుకొచ్చింది. పెట్టింది విశ్వేశ్వరం గారే. అవునన్న మొదటి ఓటు కూడా ఆయనదే.