కాలాపేట దాకా పోయొద్దాం

ఏ పనికైనా ముందు ఫోన్‌లో టైములు వేసుకోకపోతే ప్రీతికి ముద్ద దిగదు. మరిది గోకుల్ పెళ్లికి చిత్తూరు నుంచి పుదుచ్చేరి వెళ్లాలని ఖాయమైన రోజున, పెళ్లిలో ఏ చీర కట్టాలన్న సంగతి పక్కన పెట్టి, ఆమె శనివారం మధ్యాహ్నం సంగతి పట్టుకుంది. ఆదివారం ఉదయం ముహూర్తం. శనివారం పొద్దున ఇంట్లో పూవాడ మొక్కు, రాత్రి బంధువులకి ఇంటి దగ్గరే భోజనాలు. మధ్యలో ఒంటిగంట నుంచి ఆరు దాకా ఎవరికీ అక్కర్లేని ఐదు గంటలు. ఆ ఐదు గంటలూ తనవీ, తన మొగుడివీ. వైట్ టౌన్‌లో కాఫీ, అక్కణ్ణుంచి ఈసీఆర్ రోడ్డు మీద కాలాపేట సముద్రం, దీపాలు పెట్టే వేళకి ఇల్లు. కారు ఎక్కడ ఆపాలో కూడా రాసిపెట్టుకుంది.

ఇందులో కొంచెం పంతం కూడా ఉంది. పెళ్లయి రెండేళ్లయింది. అత్తగారిల్లు పుదుచ్చేరి ఇందిరా నగర్‌లో; సముద్రం పట్టుమని పది నిమిషాల దూరం కూడా లేదు. అయినా ముకుందన్ ఆమెను ఒక్కసారీ ఆ వైపు తీసుకెళ్లలేదు. ఒకసారి ఎండ అంటాడు, ఒకసారి జనం అంటాడు, ఏమీ దొరక్కపోతే కాలు నొప్పి అంటాడు. చిత్తూరులో బ్యాంకు ఉద్యోగం, గొంతెత్తి మాట్లాడని స్వభావం, ఇంట్లో చీమ కనబడితే ఊది పక్కకు పంపే రకం. మొగుడిలో వంక పెట్టడానికి ఆమెకు దొరికింది ఈ ఒక్కటే. ఈసారి వదిలేది లేదనుకుంది.

శనివారం తెల్లవారినప్పటి నుంచీ ఐప్పసి నెల వాన పడుతూ ఆగుతూ ఉంది. ఇంటి నిండా బంధువులు, తడి గొడుగులు, మల్లెపూల బుట్టలు.

పూవాడ అంటే అత్తగారి వైపు ఇళ్లలో పెళ్లికి ముందు చేసే మొక్కు. ఇంట్లో పెళ్లికాకుండా పోయిన ఆడపిల్ల ఉంటే అందరికంటే ముందు ఆమెను పిలవాలి. కొత్త ముంతలో నీళ్లు పట్టి, మల్లెలు వేసి, పేరు పెట్టి పిలిస్తే ఆ నీళ్లలోకి వస్తుందని నమ్మకం. చీర పెట్టి, ఇష్టమైనవి వండిపెట్టి, పొద్దుగూకే లోపల ఆ నీళ్లు పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పోసి సాగనంపాలి. ఈ ఇంటి ఆడపిల్ల ఇలక్కియ. ముకుందన్‌కి అక్క. పన్నెండేళ్ల కిందట, ఇరవై రెండేళ్ల వయసులో జ్వరమొచ్చి పోయిందని ప్రీతికి చెప్పారు.

అత్త మంగళం ముంత ముందు కూచుని, "ఇలక్కియా, రామ్మా, తమ్ముడి పెళ్లి" అంటూ ఏడ్చింది. మామ వెంకటేశన్ కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ముకుందన్ మాత్రం వాన తుంపరలో గేటు దగ్గరే ఉండిపోయాడు. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపాడు. ఆ తడిసిన వీపు చూసి ప్రీతి ఒక గొడుగు తీసుకెళ్లి ఇచ్చింది. అక్కంటే ఎంత ప్రాణమో అనుకుంది.

తీరా నీళ్లు పోయాలంటే పెరడు ఖాళీ లేదు. వంటమాస్టరు భక్తవత్సలం టార్పాలిన్ కట్టి, కొబ్బరిచెట్టు చుట్టూ గ్యాసు పొయ్యిలు దించేశాడు. ఇలాంటి చిక్కులొస్తేనే ప్రీతికి ఉత్సాహం.

"అత్తా, మేము ఎట్లా కాలాపేటకి పోతాం గదా. ముంత తీసుకపోయి సముద్రంలో కలిపేస్తాం. బావ చేత్తోనే కలిపిస్తా. తన చేత్తో సాగనంపితే ఆయన మనసు కూడా తేలికపడతాది."

మంగళం కోడలి మొహంలోకి చూసింది.

"కాలాపేటలోనా?"

"ఊఁ."

"ముకుందన్ చేత్తోనా?"

"అవునత్తా."

మంగళం ముంత మూతికి పసుపు గుడ్డ చుట్టి రెండు ముళ్లు వేసింది. మళ్లీ ఒక ముడి విప్పేసింది.

"సరి, తీసుకపో పాపా. వాడికి ముందే చెప్పొద్దు."

ప్రీతి ముంతను బకెట్‌లో కూచోబెట్టి, పైన తువ్వాలు కప్పి, కారు వెనక సీట్లో పెట్టింది.

వైట్ టౌన్‌లో అంతా అనుకున్నట్టే జరిగింది. పసుపు గోడల వీధిలో నడిచారు, కాఫీ తాగారు, ముకుందన్ రెండుసార్లు నవ్వాడు కూడా. కాలాపేట అనగానే కప్పు కింద పెట్టేశాడు.

"వానొస్తాది ప్రీతీ."

"పది నిమిషాలు బావా. నా కోసం."

ఆ మాట దగ్గర అతనెప్పుడూ ఓడిపోతాడు. ఆ రోజూ ఓడిపోయాడు.

ఊరు దాటాక కారు మోగడం మొదలుపెట్టింది. టింగ్… టింగ్… టింగ్. వెనక సీట్లో కూచున్నవాళ్లు బెల్టు పెట్టుకోలేదని గుర్తు వెలిగింది.

"వెనక ఏం పెట్టినావు?"

"సామాన్లే."

పది కిలోల బియ్యం మూట పెట్టినా ఏనాడూ అడగని కారు అది. ప్రీతి వెనక్కి వంగి బకెట్‌కి అడ్డంగా బెల్టు లాగి బిగించింది. మోత ఆగింది.

కారులో వాసన మారింది. మల్లెల వాసన పోయింది. ఉప్పు, తడి జుట్టు, ఎండుచేపల వాసన. అద్దాలన్నీ మూసే ఉన్నాయి. సముద్రం దగ్గరపడింది కదా అని సర్దిచెప్పుకుంది.

యూనివర్సిటీ గోడ వచ్చింది. వెనక 'టక్' మంది. టింగ్… టింగ్… టింగ్.

ప్రీతి తల తిప్పింది. బెల్టు మెల్లగా, ఎవరో చేత్తో పట్టుకుని కొంచెం కొంచెంగా వదులుతున్నట్టు, వెనక్కి పోతోంది. తువ్వాలు సీటు కింద పడి ఉంది. పసుపు గుడ్డ ముడి ఊడిపోయింది. నోరు తెరిచి మొగుడికి చెప్పబోయింది. అతను రోడ్డు వైపే చూస్తున్నాడు. నుదుటి నిండా చెమట. ముందుకు తిరిగి కూచుంది. ఇంకెంత, రెండు నిమిషాల్లో నీళ్లలో కలిపేస్తే అయిపోతుంది కదా అనుకుంది.

నాలుగింటికే మబ్బు వల్ల మసకచీకటి పడింది. ఒడ్డు మీద పడవలన్నీ పైకి లాగేసి ఉన్నాయి. ఒక పడవ చాటున వల బాగుచేసుకుంటున్న ఏలుమలై అనే ముసలాయన వీళ్లను చూసి, తుఫాను హెచ్చరిక ఉంది, నీళ్లలోకి దిగొద్దని అరవంలో కేకేశాడు. ప్రీతి సరేనని చెయ్యి ఊపి, వెనక తలుపు తీసి ముంతను ఎత్తుకుంది. పొద్దున ఒంటిచేత్తో మోసిన ముంత. ఇప్పుడు నడుము మీద పెట్టుకుంటే నిండు బిందె బరువుంది.

"బావా, ఇటు చూడు. వదిన… నీ చేత్తో కలిపేసి దండం పెట్టుకో."

ముకుందన్ చూశాడు. మనిషి మొహంలో నెత్తురు అంత తొందరగా ఇంకిపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"యాడికి తెచ్చినావు?" గుసగుసగా అడిగాడు. "ప్రీతీ… దాన్ని యాడికి తెచ్చినావు?"

"సాగనంపాలని…"

"అక్క పోయింది ఈడనే."

"జ్వరం అన్నారు గదా?"

"అట్ల చెప్పుకున్నాం."

అలల మోతలో మాటలు ముక్కలు ముక్కలుగా వినబడ్డాయి. ఈ ఒడ్డు మీది జాలరి పల్లెలో చేపలు పట్టేవాళ్ల అబ్బాయిని చేసుకుంటానని ఇలక్కియ ఇల్లు వదిలి వచ్చేసింది. తీసుకురమ్మని నాయన ముకుందన్‌ని పంపాడు. రానంటే నీళ్లలో ముంచు, దారికొస్తుంది అన్నాడు. ఇరవై ఏళ్ల ముకుందన్ వచ్చాడు. అక్క రానంది. జుట్టు పట్టుకున్నాడు.

"ముంచినాను. తన్నుకుంటా ఉండింది. నా చెయ్యి కొరికింది. బెదిరించాలనే ప్రీతీ… దేవుడి తోడు, బెదిరించాలనే."

"ఎంతసేపు?"

"తన్నుకోవడం ఆగిందాకా."

రెండేళ్లుగా తన తల నిమిరిన చెయ్యి అది. ప్రీతి ముంతతో సహా వెనక్కి జరిగింది. అంతలోనే అతని మీద జాలి కూడా వేసింది. జాలి వేసినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"ఇట్లియ్యి. ఇంటికి తీసుకపోదాం. పొయ్యాల్సిన చోటనే పోస్తాం." ముకుందన్ ముంత లాక్కోబోయాడు. చేతులు జారాయి. పడవ కింది దుంగకు తగిలి ముంత పగిలింది.

నీళ్లు ఇసుకలో ఇంకలేదు. సన్నటి పాయగా కదిలి ముకుందన్ పాదాల చుట్టూ ఒకసారి తిరిగి, సముద్రం వైపు సాగాయి. వాటి వెనకే అతని కాళ్లు కదిలాయి. ఒళ్లంతా వెనక్కి వాలి ఉంది. కాళ్లు మాత్రం నడుస్తున్నాయి.

"పట్టుకో ప్రీతీ… పట్టుకో నన్ను!"

ఆమె పరిగెత్తింది. అప్పటికే అతను మోకాలి లోతులో ఉన్నాడు. ఎండాకాలం చిన్నపిల్లలు ఆడుకునే లోతు.

అతని కుడిచెయ్యి పైకి లేచింది. అతని జుట్టునే గుప్పిట పట్టింది.

"వద్దక్కా," అన్నాడు. "వద్దు… వద్దక్కా…"

ఆ చెయ్యి అతన్ని వంచి మొహాన్ని నీళ్లలో కొట్టింది. పైకి లాగింది. ముక్కు పగిలి నెత్తురు. మళ్లీ కొట్టింది. అడుగున గుల్లలు. నుదురు చీలింది. మళ్లీ. ఈసారి పైకి తీయలేదు.

ప్రీతి అతని మణికట్టు పట్టుకుని వేలాడింది. కదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే విరిచింది. చూపుడువేలు ఫటుక్కుమంది. నడిమివేలు ఫటుక్కుమంది. విరిగిన వేళ్లు కూడా జుట్టు వదల్లేదు. వంగి ఆ చెయ్యిని కొరికింది. నోట్లోకి నెత్తురొచ్చింది. అతని ఎడమచెయ్యి ఆమె చీర పట్టుకుని గుంజుతోంది… అది మాత్రం అతనిదే. బతకాలని గుంజుతోంది. నీళ్ల మీద బుడగలు… ఎర్రటి బుడగలు…

"వదినా! తప్పే వదినా! వదిలెయ్యి. నీ కాళ్లు పట్టుకుంటా. నాకు ఇచ్చెయ్యి ఆయన్ని. ఏం కావాలన్నా ఇస్తా. ఏం కావాలన్నా!"

ఏలుమలై, ఇంకో ఇద్దరు దూకారు. నడుముకి తాడు వేసి లాగారు. ముగ్గురు పడవ మనుషులు, పడవనే లాగే చేతులు. ఒక్క మనిషిని లేపలేకపోయారు. ఎడమచెయ్యి ఆమె చీర వదిలేసింది. కాళ్లు తన్నుకోవడం ఆగింది.

అప్పుడు గుప్పిట తెరుచుకుంది.

ఒడ్డున వెల్లకిలా పడుకోబెట్టారు. ఊపిరి లేదు. ప్రీతి అతని రొమ్ము మీద గుద్దుతూ ఏడ్చింది, తిట్టింది, మొక్కింది. ఏలుమలై ఆమె భుజం మీద చెయ్యి వేసి, "అమ్మా, ఇంక…" అంటుండగా ముకుందన్ కళ్లు తెరిచాడు. దగ్గలేదు. నోట్లోంచి ఒక్క చుక్క నీళ్లు రాలేదు. లేచి కూచున్నాడు.

"ఇంటికి పోదాం," అన్నాడు.

ఏలుమలై రెండడుగులు వెనక్కి వేశాడు. "అంతసేపు మునిగినోడు లేవడమ్మా," అన్నాడు అరవంలో. "ఆస్పత్రికి తీసుకపో. ఇంటికొద్దు."

కానీ ప్రీతికి ఆ క్షణంలో ఒకటే కావాలి. బతికాడు. తన బావ బతికాడు. మిగతాదంతా తర్వాత. ఆమే కారు నడిపింది. ఆస్పత్రి దారి మలుపు దగ్గర అతను ఎడమచేత్తో స్టీరింగు పట్టుకుని నెమ్మదిగా ఇంటి వైపు తిప్పాడు. కుడిచేతి వేళ్లు రెండు వెనక్కి తిరిగి ఒళ్లో పడి ఉన్నాయి. అతను వాటి వైపు చూడను కూడా లేదు.

ఇంటి ముందు దిగేసరికి దీపాలు ఇంకా పెట్టలేదు; ఊరు చూడబోయిన బంధువులు తిరిగి రాలేదు. వెంకటేశన్ పందిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూచుని ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. మంగళం ఎదురొచ్చింది. కొడుకు చీలిన నుదురు, తడిసిన బట్టలు చూసింది. ఏమైందని అడగలేదు. రెండు చేతులతో అతని చెంపలు పట్టుకుని జుట్టు వాసన చూసి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఉప్పునీళ్లు పాపా," అంది ప్రీతితో. "పోయి తలకి పోసుకో. నేను చూసుకుంటా."

ప్రీతి లోపలికి పోయింది. బాత్‌రూములో గడియ వేసుకుని, చీర విప్పకుండానే నీళ్లు కుమ్మరించుకుంది. వెంటిలేటర్‌లోంచి పందిట్లో మాటలు వినబడ్డాయి.

"నాయనా." ముకుందన్ గొంతు. మెత్తగా ఉంది. "కాలాపేట దాకా పోయొద్దాం. లే."

"ఈ పొద్దు వద్దురా… ఏందిరా నీ చెయ్యి…"

"లే నాయనా."

"వదులు. జుట్టు వదులు రా… రేయ్… మంగళం! మంగళం!"

కుర్చీ పడింది. ఏదో ఈడ్చుకుంటూ పోయిన చప్పుడు. కారు తలుపు. ఇంజను.

ప్రీతి గడియ లాగి, నీళ్లోడుతూ బయటికి పరిగెత్తింది. గేటు తెరిచి ఉంది. వీధి చివర కారు ఎర్రదీపాలు మలుపు తిరిగాయి. మంగళం గేటు పట్టుకుని నిలబడి ఉంది.

"అత్తా! ఆపలేదా?"

"నా బిడ్డ వచ్చి పిలిచింది. ఆయన పోయినాడు." మంగళం కళ్లు తుడుచుకోలేదు. "పన్నెండేళ్లు నేను ఆ మనిషికి అన్నం పెట్టినా పాపా."

"మరి బావ? నా బావ ఏడి అత్తా?"

మంగళం గేటు దగ్గరకి వేసి ఇంటివైపు తిరిగింది.

ఎవరో ఒకరు బండి తీస్తే చాలు. అందుకోవచ్చు. ప్రీతి ఇంటి పక్కనుంచి పెరట్లోకి పరిగెత్తింది. భక్తవత్సలం పీట మీద కూచుని రాత్రి భోజనాలకి అరిటాకులు కోసి కట్ట కడుతున్నాడు.

"మాస్టరూ, బండి తియ్యండి! తొందరగా!"

"తీసేస్తా ఉన్నానమ్మా." వంటల మోతలో అతనికి సరిగా వినబడలేదు. కట్టలోంచి మూడు ఆకులు లెక్కపెట్టి లాగి పక్కన పెట్టాడు. "ఇదిగో, మూడు."

"ఏం మూడు?"

"రాత్రి పంక్తికి మూడాకులు తక్కువెయ్యమన్నారు గదా. పెద్దాయనది, ముకుందన్ సారుది, మీది."

"ఎవరన్నారు?"

భక్తవత్సలం తలెత్తి, నీళ్లు కారుతున్న ఆమె జుట్టునీ, ఒంటికి అతుక్కున్న చీరనీ చూశాడు. చేతిలో కత్తి ఆగిపోయింది.

"మీరే గదమ్మా," అన్నాడు. "ఇప్పుడేగా ఇట్లనే తడిసి వచ్చి చెప్పి పోయినారు."