తాళానికి ముందు మూడు కేకలు

ఆ పాత హాల్లో చీకటి పడ్డాక మాట మధ్యలో ఆపకూడదంటారు. ఆపితే మిగతాది ఎవరో అందిస్తారట… కింది నుంచి, గుసగుసగా.

ఊరంతా నమ్ముతుంది. పాలవాడు ఆ రోడ్డు మానేసి చుట్టు తిరిగి పోతాడు. మందుల షాపాయన స్కూటరు హారను నొక్కుతూనే దాటుతాడు — దెయ్యం తప్పుకోవాలని కాబోలు.

దర్జీ ఆవిడ ఈ కబుర్లు వింటే పెదవి విరిచేది.

“ఈ ఊరికి దెయ్యాలంటే భయం. సిగ్గంటే లేదు.”

అంతకు మించి మాట్లాడే మనిషి కాదు.

ఆ హాలు సంగతి ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలియదు. వాళ్ళ నాన్నే దాని కాపలాదారు. ఊరు తలా ఒక చెయ్యి వేసి కట్టుకున్న హాలు అది. రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ఫ్యాన్లిచ్చినవాళ్ళ పేర్లు మాత్రం రెక్కల మీద ఉన్నాయి. తిరిగితే పేరు కనబడదని ఒకాయన తన ఫ్యాను వేయనిచ్చేవాడు కాదు. అందరూ చెమటలు కక్కుతూ ఆయన పేరు చదువుకునేవాళ్ళు.

అక్కడ నాటకాలాడారు, పెళ్ళిళ్ళు చేశారు, ఓట్లు వేశారు, పిల్లలకి టీకాలు వేయించారు. తర్వాత కొత్త హాలొచ్చింది. పాతదాంట్లో ఎరువుల బస్తాలు పడేశారు. కొత్త హాలు కుర్చీలకి తొడుగులు కుట్టింది ఈవిడే.

“కుర్చీలకి లంగాలు కట్టుకునే ఊరు,” అనుకుంది మిషను తొక్కుతూ.

ఇప్పుడు పాతదాన్ని పడగొడుతున్నారు. రేపు పొద్దున వీడ్కోలు సభ. హాలు చరిత్ర చదివే పని ఆవిడ కూతురికి అప్పజెప్పారు — బళ్ళో టీచరు, గొంతు బావుంటుందని. రాసిచ్చింది మాత్రం కమిటీ ప్రెసిడెంటు.

“అక్కడే నిలబడి ఒకసారి చదువుకుని వస్తానమ్మా,” అని సాయంత్రం తాళంచెవి పట్టుకెళ్ళిన పిల్ల ఎనిమిదైనా రాలేదు. ఫోను ఎత్తలేదు.

దర్జీ ఆవిడ టార్చి తీసుకుని బయల్దేరింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ గడప తొక్కలేదు. పెళ్ళికి పిలిచినా, ఓటుకి పిలిచినా. పొగరనుకున్నారు. అనుకోనిచ్చింది.

తలుపు ఓరగా ఉంది. లోపల ఎరువుల ఘాటు. వేదిక మీద ఫోను వెలుగులో కూతురు.

“ఏమే, ఫోనెత్తవేం?”

“సైలెంట్‌లో పెట్టానమ్మా. వచ్చావుగా, విను. ఇందాకట్నుంచీ దెయ్యం ఒక్కటే వింటోంది, పాపం చప్పట్లు కూడా కొట్టట్లేదు.”

“పద ముందు.”

“ఒక్క పేజీ… ‘వేదిక ముందున్న గోతిని పూడ్చి, పెద్దలు దగ్గరుండి సిమెంటు చేయించారు…’”

గడప దగ్గరే ఆగిపోయింది తల్లి.

ఆ గొయ్యి అందింపు మాస్టారిది. నాటకమప్పుడు అందులో కూర్చుని, మాట మరిచినవాడికి మాట అందించేవాడు. మనిషి పైకి కనబడడు. సగం నాటకం ఆయన నోట్లోంచే వచ్చేది. చప్పట్లు మాత్రం పైనున్నవాళ్ళవి. నా అన్నవాళ్ళు లేరాయనకి.

“‘అందింపు మాస్టారుగా పేరుపొందిన వ్యక్తి, చివరి నాటకం రాత్రే ఒక బృందం వెంట ఊరు విడిచి…’”

పేజీ తిప్పడానికి కూతురు ఆగింది.

“…వెళ్ళలేదు.”

కూతురు పకపకా నవ్వింది. “అమ్మా! నువ్వు కూడా మొదలెట్టావా? ‘వెళ్ళిపోయారు’ అనుంది ఇక్కడ. అందిస్తే సరిగ్గా అందించు.”

అన్నది తల్లి కాదు. ఆవిడున్నది గుమ్మంలో. మాట వచ్చింది వేదిక ముందు, కింద నుంచి… ఆ సిమెంటులోంచి.

“పద,” అంది.

కూతురు కాగితాలు మడిచి, తాళం చేతిలో పెట్టి, స్కూటరు తీయడానికి మెట్లు దిగింది. దర్జీ ఆవిడ తలుపు లాగింది. తాళం గొళ్ళేనికి తగిలించింది. నొక్కడానికి చెయ్యి రాలేదు.

తలుపు సందులోంచి… మెల్లగా, తొందరేమీ లేదన్నట్టు—

“లోపల…”

వాళ్ళ నాన్న పెట్టిన పద్ధతది. ఒకసారెప్పుడో బల్ల కింద నిద్రపోయిన పసివాణ్ణి చూసుకోకుండా తాళం వేశారు. తెల్లారేదాకా వాడు లోపలే ఉండిపోయాడు. అప్పట్నుంచి, తాళానికి ముందు గడపలో నిలబడి మూడుసార్లు కేకెయ్యాలి: లోపల ఎవరైనా ఉన్నారా?

చివరి నాటకం రోజు నాన్న దీపాలార్పుతూ తొమ్మిదేళ్ళ తనని పంపాడు. “వెళ్ళి మూడు కేకలేసి రా తల్లీ, తాళం వేసుకుని పోదాం.” నిద్ర ముంచుకొస్తోంది. లోపల చీకటి. గడపలో నిలబడి, మనసులో మూడు లెక్కపెట్టి, వెనక్కి వచ్చేసింది.

“పిలిచావా?”

“పిలిచాను.”

“ఎవరూ పలకలేదుగా?”

“లేదు.”

మాస్టారికి ఆ రోజు జ్వరం. గోతిలోనే నిద్రపోయాడు. చూసుకోకుండా పైన చెక్కమూత వేసి, మూత మీద బల్లలు పేర్చారు. ఒక్క కేక వినబడితే లేచి పలికేవాడు. మర్నాటి నుంచి వానలు. రేకుల కప్పు మీద ఆ మోతలో ఏం వినబడుతుంది? వానలయ్యేదాకా హాలు తీసే పని లేదు.

రెండు నెలలకి తీశారు. కమిటీలో నలుగురు లోపలికెళ్ళి ముక్కుకి గుడ్డలు కట్టుకుని బయటికొచ్చారు. ఆ రాత్రే సిమెంటు. కలిపింది నాన్న. మాస్టారు చివరి నాటకం రాత్రే ఏదో బృందం వెంట వెళ్ళిపోయాడని పొద్దున్నే చాటారు. ఊరు తలూపింది. ముసలాయన జ్వరంతో లేచి ఎక్కడికి పోతాడని ఒక్కరూ అడగలేదు. నాటకాలు మాత్రం ఆపేశారు. దెయ్యం కథలు మొదలెట్టారు.

నాన్న ఇంకొక్కసారి అడిగాడంతే. “ఆ రోజు పిలిచావు కదమ్మా?”

“పిలిచాను నాన్నా.”

ఆ తర్వాత ఆయన బతికున్నన్నాళ్ళూ ఇంట్లో ఏ తలుపుకీ గడియ పెట్టనివ్వలేదు.

ఊరిని చీదరించుకోవడం ఆవిడకి ఎప్పుడూ తేలికే. ఆ ఊళ్ళో తనని మాత్రం లెక్కేసుకోలేదు.

“లోపల… ఎవరైనా…”

మాట మరిచి నీళ్ళు నములుతున్న వేషగాడికి అందించినట్టు. విసుగు లేదు. కోపమూ లేదు. అదే భరించలేకపోయింది.

“లోపల… ఎవరైనా ఉన్నారా?” అంది. మళ్ళీ అంది. మూడోసారి అరిచింది.

ఎవరూ పలకలేదు. ఎలా పలుకుతాడు… సొంత మాటన్నది ఏనాడు ఆడాడు గనక.

కూతురు మెట్లెక్కి వచ్చింది. “ఎవర్నమ్మా పిలుస్తున్నావు? ఎవరున్నారు లోపల?”

ఆ చేతిలో మడిచిన కాగితాలు. రేపు పొద్దున ఈ పిల్ల నోటితో, అంత మంచి గొంతుతో, ఆ అబద్ధం ఊరికి చరిత్ర అయిపోతుంది.

“ఎవరూ…” అంది తల్లి. అలవాటైన మాటే. కానీ సగంలో ఆగిపోయింది.

ఆగకూడదు అక్కడ.

తలుపు వెనక నుంచి, చీకట్లోంచి, ఓపిగ్గా అందింది—

“నాకప్పుడు… తొమ్మిదేళ్ళు…”